వాసనను పసికట్టు యంత్రములు: రైతులు తెలిసికొనదగిన సంగతులు

గింజ మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు రైతునకు తాతతండ్రుల నాటినుండి వచ్చుచున్న పనిముట్లు నాలుగు: కన్ను, చేయి, పన్ను, ముక్కు. కన్నుతో రంగును, చేతితో తేమను, పంటితో ఎండుదలను, ముక్కుతో నిలువ చెడుగును పరీక్షించుట మన వాడుక. వీనిలో మొదటి మూడింటి పనికిని యంత్రములు వచ్చి కొంతకాలమైనది. తేమను మీటరు చెప్పుచున్నది. రంగుమారిన గింజను బియ్యపు మిల్లులోని సార్టెక్సు యంత్రము ఏఱివేయుచున్నది. ముక్కు చేయు పనిమాత్రము మన గ్రామములందు ఇప్పటికిని ముక్కునకే మిగిలియున్నది. ఈ పనిని గూడ యంత్రముచేత చేయింపవలెనని నలువదియేండ్లకు పైగా ప్రయత్నములు జరుగుచున్నవి. ఒకచోట పసికట్టిన వాసనను అంకెలుగా మార్చి, ఫోను మార్గమున మఱియొక చోటికి పంపి, అచ్చట ఆ వాసననే మరల పుట్టించు యత్నములును జరుగుచున్నవి. ఇవి యెట్టివో, వీనివలన రైతునకు లాభమేమో, వహింపవలసిన జాగ్రత్త యేమో యీ వ్యాసమున తెలుప నుద్దేశించితిమి.

ఇది పట్టణములవారి వినోదమే గాని మన కేమి పనియని కొందఱనవచ్చును. అట్లనుట పొరపాటు. ప్రభుత్వమువారు మద్దతుధరకు వడ్లు కొనునపుడు పాటించు నిబంధనలలో తేమ నూటికి 17 పాళ్లకు మించరాదనియు, బూజుగాని, పురుగుగాని, చెడువాసనగాని ఉండరాదనియు గలదు. ఇందు తేమకు అంకె యున్నది. మీటరు చూపిన అంకెను అమ్మువాడును కొనువాడును ఇద్దఱును చూడగలరు. తగవు వచ్చినచో మరల కొలిపించుకొనవచ్చును. వాసన కట్టి అంకె లేదు. "ఈ రాశి ముక్కినది" యని కొనువాడన్నచో "ముక్కలేదు" అని రైతు చెప్పుటకు తన మాట తప్ప వేఱు ఆధారము లేదు. ప్రైవేటు వ్యాపారి కొనునపుడు బస్తాకు కొంత తరుగు తీయుటకు ఈ యొక్క మాటయే చాలియున్నది. కనుక వాసనకు నమ్మదగిన కొలత దొరకుట రైతునకు ధర దొరకుటతో సమానము. ఆ కొలబద్ద ఎవరి చేతిలో నుండుననునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

వాసన యనగా నేమి?

మల్లెపూవును ముక్కునొద్దకు తెచ్చినపుడు పూవునుండి కంటికి గనబడని అణువులు గాలిలోనికి లేచి, ఊపిరితోపాటు ముక్కు పైభాగమునకు చేరును. అచ్చటి పలుచని పొరలోని నాడీకణములపై గ్రాహకములను సూక్ష్మమైన పట్టుకొమ్మలు గలవు. తాళమునకు తగిన తాళపుచెవివలె, ఒక్కొక్క గ్రాహకమునకు కొన్ని జాతుల అణువులే పట్టును. 1991లో లిండా బక్కు, రిచర్డు యాక్సెలు అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ గ్రాహకములకు మూలమైన జన్యువులను కనుగొనిరి. అందులకు 2004లో వారికి నోబెలు బహుమానము లభించెను. మనుష్యునకు పనిచేయుచున్న గ్రాహకజాతులు సుమారు 400. కుక్కకు సుమారు రెండింతలు. ఏనుగునకు సుమారు 2,000 గలవని తేలినది.

ఈ 400 అను అంకెలోనే కష్టమంతయు నున్నది. కంటికి రంగులను గ్రహించు కణములు మూడే జాతులవి. కావున ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుతురులను వేర్వేరు పాళ్లలో కలిపి టెలివిజనువారు సకలవర్ణములను చూపగలుగుచున్నారు. శబ్దము గాలిలోని కంపము గనుక దానిని తీగలోని విద్యుత్తుగా మార్చుట సులభమైనది. వాసన కంపము గాదు, పదార్థము. కాఫీ వాసనలో వందలకొలది పదార్థములు కలసియున్నవి. మూడు రంగులవలె కలుపుకొనదగిన మూలవాసనలు ఇన్ని యని నేటికిని నిర్ణయము కాలేదు. అందువలననే పాట దేశదేశములకు తీగమీద పోవుచుండగా పూలవాసన గుమ్మము దాటలేకున్నది.

కొన్ని పదార్థముల విషయమున మన ముక్కు ఏ యంత్రమునకును తీసిపోదు. తొలకరి చినుకు పడగానే లేచు మట్టివాసనను అందఱు నెఱుగుదురు. నేలలోని స్ట్రెప్టోమైసీసు అను సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిను అను పదార్థము దీనికి ముఖ్యకారణములలో నొకటి. లక్షకోట్ల పాళ్ల గాలిలో ఇది 5 పాళ్లున్నను మనుష్యుడు పసికట్టగలడు. అట్లే చిట్టిముత్యాలు, బాస్మతి మొదలగు సువాసన బియ్యములకు ఆ గుణమునిచ్చు పదార్థమును ఎసిటైల్ పైరోలీను అందురు. వేయికోట్ల పాళ్ల నీటిలో ఒక పాలున్నను దాని వాసన తెలియును.

ఇంతటి ముక్కునకును లోపములు గలవు. ఒకే వాసనలో కొంతసేపున్నచో అది తెలియకపోవును. గిడ్డంగిలో ఉదయమునుండి పనిచేయువానికి ముక్కిన వాసన పట్టదు. అప్పుడే లోనికి వచ్చినవానికి పట్టును. జలుబు చేసినను, వయస్సు మీఱినను ముక్కు మందగించును. 2020లో వ్యాపించిన కోవిడు జబ్బులో అనేకులకు వాసన కొన్నిదినములు, కొందఱికి నెలలతరబడి, తెలియకపోయెను. అన్నిటికంటె పెద్దలోపము: ఒకని ముక్కునకు తోచినది మఱియొకనికి చూపుట కలవిగాదు.

యంత్రనాసిక యెట్లు పుట్టినది

వంటగ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన దాదాపు లేదు. మన యిండ్లలో సిలిండరు కారినపుడు వచ్చు దుర్వాసన, హెచ్చరిక కొఱకు కావలెనని కలిపిన మెర్కాప్టాను అను మందుది. 1937లో అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రములోని న్యూలండను అను ఊరి పాఠశాలలో వాసనలేని సహజవాయువు కారి, ప్రేలి, మున్నూరుమందికి దగ్గఱగా, ఎక్కువగా పిల్లలే, మరణించిరి. అటుపిమ్మట ఇంటివాడుక వాయువునకు దుర్వాసన కలుపవలెనని ఆ రాష్ట్రమున చట్టము చేసిరి.

ముక్కు నిద్రించువేళ గూడ మేల్కొనియుండు కావలివాడు కావలెనని జపానుదేశమున తగూచి యను నాతడు 1962లో ఒక పరికరమును నిర్మించెను. అందు తగరపు ఆక్సైడు ముద్దను విద్యుత్తుచేత కొన్నివందల డిగ్రీల వఱకు వేడిచేయుదురు. గాలిలోని ప్రాణవాయువు దానిపై నంటుకొని విద్యుత్తు పాఱుటకు అడ్డుపడుచుండును. మండు స్వభావముగల వాయువు వచ్చి తగిలినపుడు ఆ ప్రాణవాయువు తొలగి, విద్యుత్తు ఎక్కువగా పాఱును. ఆ హెచ్చును బట్టి గంట మ్రోగును. వాయువు కారుటను తెలుపు అనేక యంత్రములలో నేటికిని ఈ పద్ధతియే యున్నది.

అయితే ఇట్టి పరికరమొక్కటి వాసనల భేదమును చెప్పలేదు. సారాయి ఆవిరికిని, వంటగ్యాసునకును, ముక్కిన వడ్లకును అది కొంచెము హెచ్చుతగ్గులుగా పలుకును. 1982లో ఇంగ్లండులోని వార్విక్కు విశ్వవిద్యాలయమున కృష్ణ పెర్సాదు, జార్జి డాడ్డు అనువారు దీనికి ఉపాయము కనుగొనిరి. ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా పలుకు పరికరములను కొన్నింటిని ప్రక్కప్రక్కను పెట్టి, అన్నియు ఏకకాలమున చెప్పిన అంకెలను కలిపి ఒక వరుసగా చూచిరి. ఆ వరుస ఒక్కొక్క వాసనకు ఒక్కొక్క తీరుగా నుండెను. ఇదియే యంత్రనాసిక. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు, అంకెల వరుసను బట్టి వాసనను గుర్తించుట దీని పద్ధతి.

ఇట గమనింపవలసినది యొకటి గలదు. యంత్రమునకు తనంతట మంచిచెడ్డలు తెలియవు. ఇది మంచి వడ్లవాసన, ఇది ముక్కిన వడ్లవాసన యని మనుష్యులే వందల మచ్చులు చూపి దానికి నేర్పవలయును. నేర్పినవారి ముక్కు ఎంతటిదో యంత్రము తీర్పును అంతటిదే.

తేయాకు, ధాన్యము

మనదేశమున ఈ యంత్రమునకు తొలుత పని దొరికిన చోట్లలో తేయాకు కర్మాగార మొకటి. నలిపిన ఆకును పఱచి గాలికి మాఱనిచ్చునపుడు పచ్చియాకు వాసన పోయి క్రమముగా పూలవాసన వచ్చును. సరియైన క్షణమున ఆపినచో మంచిధర. ఆలస్యమైనచో సరకు చెడును. ఆ క్షణమును అనుభవజ్ఞుని ముక్కు నిర్ణయించుచుండెను. కలకత్తాలోని సీడాక్ సంస్థవారును జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమువారును కలసి దీనికొఱకు యంత్రనాసికను నిర్మించి, తేయాకు రుచిచూచు నిపుణులు వేసిన మార్కులతో యంత్రపు అంకెలను పోల్చిన ఫలితములను 2008లో ప్రకటించిరి.

ధాన్యము విషయమున స్వీడను దేశపు పరిశోధకులు 1996లో ప్రకటించిన పరీక్ష రైతులకు ముఖ్యముగా తెలియదగినది. వారు గోధుమ, బార్లి, ఓట్సు మచ్చులను యంత్రముచేతను, ధాన్యపరీక్షకులైన ఉద్యోగులచేతను వాసన చూపించిరి. మంచిది, చెడ్డది యని రెండుగా మాత్రము విభజింపుమన్నపుడు యంత్రము నూటికి సుమారు 90 మచ్చులను సరిగా చెప్పెను. బూజువాసన, పులిసిన వాసన, మాడిన వాసన, మంచివాసన యని నాలుగుగా విభజింపుమన్నపుడు నూటికి సుమారు 75 మాత్రమే సరిపోయెను. ఇది గొప్ప ఫలితము గాదని తోచవచ్చును. కాని ఆ పరీక్షకులలో ఇద్దఱి తీర్పులను ఒకదానితో నొకటి పోల్చిచూడగా వారిలో వారికే అంతమాత్రపు ఏకీభావము లేకుండెను.

ఈ సంగతిని సభ్యులు మనస్సున నుంచుకొనవలయును. శిక్షణపొందిన యిద్దఱు పరీక్షకులు ఒకే గోధుమను గూర్చి భేదించుచుండగా, తూకపు తొందరలో ఒక్కని ముక్కు చెప్పినదానిని బట్టి రైతు కష్టార్జితమునకు తరుగు తీయుట న్యాయమా? యంత్రము తప్పుచేయదని మేము చెప్పుటలేదు. యంత్రము చేసిన తప్పు ఎంతయో లెక్కింపవచ్చును. మనిషి ముక్కు చేసిన తప్పునకు లెక్కలేదు.

వాసనను పుట్టించుట, పంపుట

వాసనను పట్టి నిలువచేయుట మనదేశమునకు క్రొత్తగాదు. ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణమున కాల్చిన మట్టి పెంకులను రాగిడేగిసాలో నీటితో కాచి, ఆ యావిరిని వెదురుగొట్టము ద్వారా గంధపునూనెలోనికి దింపి, తొలకరి మట్టివాసననే అత్తరుగా తీయుచున్నారు. శాస్త్రజ్ఞులు ఈ వాసనకు పెట్రికోరు అను పేరుపెట్టినది 1964లో. అత్తరువారు దానిని బుడ్డిలో నింపినది అంతకు ముందే.

పాశ్చాత్యులు వాసనను బొమ్మతో జోడింపజూచిరి. 1960లో అమెరికాలో ఒక చలనచిత్రమును ప్రదర్శించుచు, కథననుసరించి 30 వాసనలను గొట్టముల ద్వారా ఒక్కొక్క కుర్చీయొద్దకు వదలిరి. గొట్టములు బుస్సుమనుటయు, వాసన కొందఱికి ఆలస్యముగా చేరుటయు జరిగి, ఆ పద్ధతిలో రెండవ చిత్రము రాలేదు. 1999లో డిజిసెంట్సు అను అమెరికా కంపెనీ కంప్యూటరు ప్రక్కనుంచుకొను వాసనపెట్టెను చేయుదుమని ప్రకటించెను. అందు 128 మూలద్రవ్యము లుండునని చెప్పిరి. విస్తారముగా ధనము ఖర్చయినది. 2001లో కంపెనీ మూతపడినది. వాసనను వదలుట సులభమే. వదలిన వాసనను వెనుకకు తీసికొనుట కష్టము. మొదటిది పోకముందే రెండవది వచ్చి రెండును కలసిపోవును. అంతేగాక, ఆ పెట్టె లేనిదే జరుగని పని జనులకేదియు లేకుండెను.

2014 జూనులో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడు ఎడ్వర్డ్సును ఆయన సహచరులును పారిసునుండి న్యూయార్కునకు ఫోను ద్వారా వాసనతో గూడిన సందేశమును పంపిరి. ఈ మాటవిని, వాసన తీగలో ప్రవహించినదని చదువరులు భ్రమపడరాదు. తీగలో పోయినది వాసనపేరును పాళ్లును మాత్రమే. న్యూయార్కులోని పెట్టెలో ముందుగానే పెట్టియుంచిన సుగంధద్రవ్యములనుండి తగినవి కలిసి అక్కడ గుబాళించినవి. కుమార్తెకు తల్లి పులుసుచేయు విధానమును ఉత్తరమున వ్రాసిపంపుట వంటిదిది. ఉత్తరములో పులుసు పోదు. చింతపండును బెల్లమును కుమార్తె యింటనే యుండవలయును.

2024 అక్టోబరులో ఆస్మో అను అమెరికా కంపెనీవారు ఇంకొక మెట్టు ఎక్కినట్లు తెలిపిరి. పూర్వపువారు తామెఱిగిన వాసనలపేళ్లను పంపగా, వీరు ఎదుటనున్న పండునే యంత్రమునకు చూపిరి. తాజా ప్లమ్ముపండు చుట్టునున్న గాలిని గ్రహించి, అందలి పదార్థములను పొడవైన సన్ననిగొట్టము గుండ నడిపించి ఒక్కొక్కటిగా విడదీసి, ఏది యెంతయున్నదో లెక్కకట్టిరి. ఆ లెక్క కంప్యూటరు మార్గమున పోయి, మఱియొక యంత్రము అదే పాళ్లలో ద్రవ్యములను కలుపగా ఆ పండు వాసన వచ్చెనని వారు ప్రకటించిరి. ఈ కంపెనీ స్థాపకుడు అలెక్సు విల్చ్‌కోయు ఇతర పరిశోధకులును 2023లో సైన్సు పత్రికలో ప్రకటించిన వ్యాసములో, సుమారు 5,000 పదార్థముల వాసనలను కంప్యూటరునకు నేర్పి, క్రొత్త పదార్థము వాసన యెట్లుండునో దాని అణువు రూపమును బట్టియే చాలవఱకు ముందుగా చెప్పవచ్చునని చూపిరి.

పుట్టించు విద్యలో మోసమునకును దారిగలదు. 2010లో చైనాలో సామాన్యపు బియ్యమునకు సుగంధద్రవ్యము చల్లి, ప్రసిద్ధమైన వూచాంగు బియ్యమని అమ్ముచున్న సంగతి అచ్చటి టెలివిజనులో బయటపడినది. సువాసన బియ్యము పండించు రైతునకు దీనివలని నష్టము వేఱుగ చెప్పనక్కఱలేదు. వాసనను కల్పించు విద్య చౌకయగుకొలది, కల్పితమును సహజమును వేఱుచేయు పరీక్షయు రైతుపక్షమున నుండవలయును.

పొలములో ఇదివఱకే యున్న వాసనవార్త

వాసనద్వారా వార్తపంపు విద్య పురుగులకు సహజముగా నున్నది. ఆడురెక్కలపురుగు వదలిన వాసనను పట్టుకొని మగపురుగు చాలదూరమునుండి వచ్చును. జర్మనీదేశపు బుటెనాంటు 1959లో మొట్టమొదట ఇట్టి పదార్థమును వేఱుచేసి చూపెను. ఆయన యెన్నుకొన్నది మన హిందూపురము, ధర్మవరము ప్రాంతములందు పెంచు మల్బరీ పట్టుపురుగుజాతినే. సుమారు 5 లక్షల ఆడుపురుగులనుండి సేకరించిన సారము అత్యల్పము.

ప్రత్తిలో గులాబిరంగు పురుగునకు మనము పెట్టు లింగాకర్షక బుట్టలోని ఎర ఇట్టిదే. ఆ పురుగు ఆడుజాతి వదలు వాసన రెండు పదార్థముల కలయిక యని 1973లో తేలినది. అవే పదార్థములను కర్మాగారమున చేసి రబ్బరు ముక్కకు పట్టించి బుట్టలో పెట్టుచున్నారు. వాసనను కనిపెట్టి, అనుకరించి, మరల పుట్టించు విద్యలో మన రైతు కిదివఱకే చేతికందినది యిదియే. ఇంకను, చేనంతయు ఆ వాసనతో నింపి మగపురుగునకు ఆడుపురుగు జాడ తెలియకుండ చేయు పద్ధతియు గలదు. అయితే ఒక్కరైతు తన రెండెకరములలో దీనిని చేసిన ఫలము స్వల్పము; ప్రక్కచేనిలో కలసిన పురుగు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఊరి ప్రత్తియంతయు ఏకముగా చేసిననే ఫలము. సహకారమునకు ఇంతకంటె తగిన పని వేఱొండు లేదు.

యంత్రమును నమ్మకూడని తావులు

మొదటిది అఫ్లాటాక్సిను. తడిసిన వేరుసెనగకాయకు పట్టు ఒకవిధమైన బూజు ఈ విషమును పుట్టించును. ఇది కాలేయమునకు రాచపుండు తెచ్చు భయంకరవిషము. కాని దీనికి వాసన లేదు. బూజు వాసనను బట్టి యంత్రము అనుమానింపగలదే గాని, వాసన లేదన్నంతమాత్రమున విషము లేదనరాదు. దీనికి రసాయనపరీక్షయే శరణ్యము. అంతకుముందు కాయను నూటికి 8 పాళ్ల తేమవఱకు ఎండించుటయే రక్ష.

రెండవది గిడ్డంగిలో పురుగునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలనుండి వచ్చు వాయువు. ఇది ప్రాణాపాయకరము. దీనికి వెల్లుల్లివంటి వాసన గలదని చెప్పుదురు. ఆ వాసన అందలి కల్మషముది. శుద్ధవాయువునకు వాసన లేదు. కావున వాసన పోయినదని గిడ్డంగిలోనికి ఎవ్వరును దూరరాదు. ఈ బిళ్లలను శిక్షణగలవారే వాడవలయును. తలుపు తెఱచిన పిమ్మట ఆ వాయువును కొలుచు పరికరముతో చూచియే లోనికి పోవలయును.

మూడవది యంత్రపు వృద్ధాప్యము. వేడిచేయు పరికరములు కాలక్రమమున పట్టుతప్పును. గాలిలో తేమ హెచ్చినచో అంకెలు మాఱును. కార్తెలు మాఱినపుడెల్ల తెలిసిన మచ్చులతో సరిచూడనిచో, నిరుడు మంచిదన్న వడ్లనే ఈయేడు చెడ్డవనును. ఒకదేశపు గోధుమతో నేర్చిన యంత్రము మన వడ్లకు పనికిరాదు.

పాలపరీక్ష నేర్పిన పాఠము

నూఱేండ్లకు ముందు అమెరికాదేశమున పాలకేంద్రములు పాలను బరువునుబట్టి కొనుచుండెను. నీరు కలిపినవానికిని, చిక్కనిపాలు పోసినవానికిని ఒకేధర. 1890లో విస్కాన్సిను రాష్ట్రపు బాబ్‌కాకు అను ఆచార్యుడు వెన్నపాలును సులభముగా కొలుచు పరీక్షను కనిపెట్టి, దానిపై పేటెంటు తీసికొనక అందఱకును విడిచిపెట్టెను. పాలరైతుల సంఘములు ఆ పరీక్షను తమ చేతికి తెచ్చుకొన్నవి. మనదేశపు పాలసంఘములందు గెర్బరు పద్ధతి ఇట్టి మేలునే చేసినది. పోసిన ప్రతిమనిషి యెదుట కొలుచుట, అంకెను పుస్తకమున వ్రాయుట, దానిప్రకారము సొమ్మిచ్చుట యను మూడు ఆచారములు కలసి నమ్మకమును పుట్టించినవి. పరీక్ష ఒక్కటే యుండి, అది కొనువాని గదిలో తలుపుమూసి జరిగినచో, యంత్రమెంత మంచిదైనను రైతునకు మేలు లేదు.

వాసనయంత్రము వచ్చునాడును సంగతి యింతే. గింజవాసనను అంకెగా మార్చి దూరముననున్న వ్యాపారి కంప్యూటరునకు పంపుట సాధ్యమైనపుడు, అచ్చట కూర్చున్నవాడు రైతు ముఖము చూడకయే ధర తగ్గింపగలడు. అదే అంకె సంఘపు పుస్తకమున నున్నచో రైతు మూడు ఊళ్ల వ్యాపారులకు దానిని చూపి ధర అడుగగలడు. యంత్రమొక్కటే, ఫలము దానిని పట్టిన చేతినిబట్టి యుండును.

సంఘములు ఇప్పుడు చేయదగినది

యంత్రము వచ్చువఱకు ఊరకుండ నక్కఱలేదు. సంఘములు ఈక్రింది పనులను ఈ పంటనుండియే ఆరంభింపవచ్చును.

1. వడ్లను నిలువచేయుటకు ముందు తేమ నూటికి 14 పాళ్లకు మించకుండ, విత్తనమైనచో 13 పాళ్లకు దించి ఎండింపవలయును. ఎండిన గింజకు బూజు పట్టదు. బూజులేనిచో ముక్కిన వాసనయు రాదు.

2. ప్రతిరాశినుండి అమ్ముటకు ముందు మూడు మచ్చులు తీసి, సీలువేసి, ఒకటి రైతు, ఒకటి కొనువాడు, ఒకటి సంఘము ఉంచుకొనవలయును. వాసన నెపమున తరుగు తీసినచో సంఘపు మచ్చును మూడవవానికి చూపి తేల్చుకొనవచ్చును.

3. తరుగు తీసిన కారణమును రసీదుపై వ్రాయించుకొనవలయును. నోటిమాటకు విలువలేదు.

4. వాసన చూచుపని గిడ్డంగిలో ఉదయమునుండి యున్నవానికి అప్పగింపరాదు. బయటినుండి వచ్చిన ఇద్దఱు వేర్వేరుగా చూచి, ఒకరితో నొకరు మాటాడక తమ అభిప్రాయమును వ్రాయవలయును.

5. యంత్రము అమ్మవచ్చినవానిని నాలుగు ప్రశ్నలు అడుగవలయును. ఏ పంటపై నేర్పితిరి? మన ప్రాంతపు గింజపై పరీక్షించితిరా? ఎంతకాలమున కొకసారి సరిచూడవలయును? ఆ అంకెలు ఎవరి సొత్తు? పిమ్మట మంచివని చెడ్డవని తమకు తెలిసిన ఇరువది మచ్చులకు గుర్తులువేసి, ఆ గుర్తులు అతనికి చెప్పక, యంత్రముచేత చెప్పించి చూడవలయును. దీనికి జవాబు సరిగా రానిచో సొమ్ము ఇయ్యరాదు.

6. ప్రత్తి పండించు గ్రామములు లింగాకర్షక బుట్టలను ఏకదినమున ఊరంతయు పెట్టునట్లు సంఘము ద్వారా ఏర్పాటు చేసికొని, పడిన పురుగుల లెక్కను ఒకే పలకపై వ్రాసి అందఱకు కనబడునట్లు ఉంచవలయును.

కాటా వచ్చిననాడు గుప్పెటకొలత పోయినది. తేమమీటరు వచ్చిననాడు పంటికొఱుకుడు తీర్పు పోయినది. వాసనకును అట్టి దినము రాగలదు. ఆ యంత్రము మార్కెటుయార్డు గేటులోనికి మొదట ఎవరి పేర వచ్చునో అది మన సంఘముల మెలకువపై ఆధారపడియున్నది. సభ్యులు ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే తమ గ్రామములందు చర్చించి, పైని చెప్పిన మచ్చులపద్ధతిని కనీసము ఒక్క కొనుగోలుకేంద్రముననైన ఈ పంటకాలమున అమలుజరిపింతురుగాక యని కోరుచున్నాము.